పెబ్బేరు నుంచి లడఖ్ ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే బస్సు ఎప్పుడైనా ఎక్కి ఉంటే మీరు పెబ్బేరును చూసే ఉంటారు. కాకపోతే గుర్తుండి ఉండదు. కొత్తకోట దాటిన కాసేపటికి వస్తుంది. ఒక చౌరస్తా, టీ కొట్లు, మిర్చి బండ్లు, ఎరువుల దుకాణాలు. మీరు ఫోన్‌లోంచి తలెత్తేలోపు బస్సు కృష్ణా నది వంతెన మీద ఉంటుంది.

మాకు మాత్రం లోకం మొదలయ్యేది ఆ చౌరస్తాలోనే. ఇప్పుడు ఎన్‌హెచ్-44 అంటున్నారు కానీ, మా పెద్దవాళ్లకు అదింకా ‘ఏడో నంబరు రోడ్డే’. ఒక కొస శ్రీనగర్, ఇంకో కొస కన్యాకుమారి. దేశంలో అన్నిటికన్నా పొడవైన జాతీయ రహదారి. మా ఊరివాళ్లు గొర్రెలు తోలుకుని సంతకు పోయేది కూడా దాని పక్క నుంచే.

టెన్త్ అయిపోయిన సెలవుల్లో నేనూ, వాడూ రోజూ ఆ చౌరస్తాకు పోయేవాళ్లం. పని ఏమీ లేదు. బుల్లెట్ బండ్లను చూడటమే పని. వెనకాల సంచులు కట్టుకుని, మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకుని వచ్చిన రైడర్లు టీ కోసం ఆగితే వాడు సిగ్గు లేకుండా దగ్గరికెళ్లి అడిగేవాడు: “అన్నా, ఏడికి పోతున్నరు?”

ఒకరోజు బెంగళూరు నుంచి వస్తున్న ఇద్దరు “లడఖ్” అన్నారు. ఆ రోజు నుంచి వాడికి అదే పిచ్చి. “తొవ్వ అడిగే పని గూడ లేదురా. గిదే రోడ్డు. పక్కకు మలగకుంట పోతే కశ్మీర్ వస్తది. ఆడికెల్లి లడఖ్ ఎంత దూరం?” అనేవాడు.

వాడు 2019లో పోయాడు. ఎముక క్యాన్సర్. ఇరవై ఏళ్లు నిండలేదు.

పేరు రాద్దామనుకున్నాను. వాళ్లమ్మను అడిగితే వద్దంది. “రాయకు బిడ్డా. పేపర్ల వస్తే అయిపోయినట్టే ఉంటది.” అందుకే వాడు ఇక్కడ ‘వాడు’గానే ఉంటాడు.

ఇన్నేళ్లలో పండగలకు ఊరికి వచ్చినా వాళ్లింటి వైపు పోలేదు. ఏదో పనుందని చెప్పి తప్పించుకునేవాణ్ని. ఈ మధ్య ఒక శనివారం మాత్రం ఏ పనీ లేకుండా పెబ్బేరులో బస్సు దిగాను.

సంతలో పెద్దనాయన

శనివారం పెబ్బేరుకు వెళ్తే ముందు చూడాల్సింది సంతే. తెల్లారేసరికే వ్యాన్లు బారులు తీరతాయి. ఇటు వనపర్తి, గద్వాల ఊళ్ల నుంచి, అటు కర్నూలు, రాయచూరు వైపు నుంచి పశువులు, గొర్రెలు, మేకలు దిగుతాయి. కొమ్ములకు రంగులేసిన కోడెలు, మెడలో గంటలు, కొత్త ముకుతాళ్లు, పలుపులు అమ్మేవాళ్లు, చెరుకు రసం బండ్లు. దుమ్ము, పేడ, బెల్లం జిలేబీ అన్నీ కలిసిన ఒక వాసన ఉంటుంది. కళ్లు మూసుకుని వాసన చూస్తే చాలు, నేను ఎక్కడున్నానో చెప్పేస్తా.

బేరం మాత్రం నోటితో జరగదు. దళారి తువ్వాల కప్పుతాడు. దాని కింద కొనేవాడి వేళ్లు, అమ్మేవాడి వేళ్లు మాట్లాడుకుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్లకు ధర తెలియదు, ముఖాలే కనబడతాయి. ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అన్నదాన్ని బట్టి వయసు. అబద్ధం ఎంత చెప్పినా పళ్లు నిజం చెప్పేస్తాయి.

మా పెద్దనాయన అక్కడే ఉన్నాడు. వాళ్ల నాన్నను నేను పెద్దనాయన అనే పిలుస్తా. సంత మూలన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. అమ్మడానికి ఏమీ లేదు, కొనేదీ లేదు. నన్ను చూసి లేచాడు.

“ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? తిన్నవా?”

అంతే. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని అడగలేదు.

2018లో ఇదే సంతలో ఆయన ఆరు పళ్ల జత ఒకటి అమ్మాడు. నేను పక్కనే ఉన్నా. తువ్వాల కింద ఆయన చెయ్యి వణకడం నాకు కనబడలేదు కానీ, తువ్వాల వణకడం కనబడింది. ఆపరేషన్, కీమో ఖర్చులు ఆరోగ్యశ్రీ కార్డు చూసుకుంది. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి విడతలో పెట్టిన 3 జిల్లాల్లో మా పాత మహబూబ్‌నగర్ ఒకటి. ఆ కార్డు లేకపోతే మొదటి నెలలోనే పొలం పోయేది. కానీ బస్సు చార్జీలు, హైదరాబాద్‌లో గది అద్దె, తోడు ఉన్న ఇద్దరి తిండి, బయట చేయించిన స్కాన్లు ఏ కార్డులోనూ రావు. ఎద్దులు వాటికి పోయాయి.

“ఇంకా శనివారం శనివారం వస్తవా పెద్దనాయనా?” అన్నా.

“ఇంట్ల కూసుంటే ఏం తోస్తది? ఈడ నలుగురు కనబడ్తరు” అన్నాడు. కాసేపాగి, “జత యాడన్న కనబడ్తదేమోనని గూడ చూస్త” అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత అవి ఉండవని ఆయనకూ తెలుసు.

నాలుగు నెలల నొప్పి

మీలో చాలామందిది వాడి వయసే కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి.

నొప్పి 2017 దసరాకు మొదలైంది. కుడి మోకాలు. వాడు కబడ్డీ ఆడేవాడు. దెబ్బ తగిలింది అనుకున్నాం. బామ్ రాశాం. పక్కూళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లారు. మాత్రలు వేసుకున్నప్పుడు తగ్గేది, మళ్లీ వచ్చేది. సంక్రాంతి నాటికి మోకాలి పైన వాపు గట్టిగా, చేతికి రాయిలా తగిలింది.

మేం ఎవరమూ పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ఆటలో తగిలిన దెబ్బ అయితే పడుకుంటే తగ్గాలి. వాడికి పడుకుంటేనే ఎక్కువయ్యేది. రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చునేవాడు. పొద్దున అడిగితే “దోమలురా” అనేవాడు.

దాని పేరు ఆస్టియోసార్కోమా. ఎముకల్లోనే పుట్టే క్యాన్సర్. ఎక్కువగా పది నుంచి పాతికేళ్ల లోపు, ఎముకలు ఏపుగా ఎదిగే వయసులో వస్తుంది. దాదాపు సగం మందికి మోకాలి చుట్టుపక్కలే. దెబ్బ తగలడం వల్ల రాదు. దెబ్బ తగిలిందని చూపించుకుంటే బయటపడుతుంది, అంతే. సిగరెట్, గుట్కా లాంటి అలవాట్లతో దీనికి సంబంధం లేదు. చాలామందిలో ఎందుకొచ్చిందో డాక్టర్లు కూడా చెప్పలేరు. “మేమేం పాపం చేసినం?” అని పెద్దమ్మ అడిగిన ప్రతిసారీ ఈ మాట గట్టిగా చెప్పాల్సింది. చెప్పేవాళ్లు లేకపోయారు.

ఒకప్పుడు కాలు తీసేయడం తప్ప దీనికి దారి ఉండేది కాదు. తీసేసినా ఎక్కువమంది బతికేవాళ్లు కాదు. 1970ల తర్వాత కీమో వచ్చాక లెక్క మారింది. ఊపిరితిత్తులకు పాకకముందే పట్టుకుని, మంచి చికిత్స పూర్తిగా చేయిస్తే పదిమందిలో ఆరుగురికి పైగా బతుకుతున్నారు. చాలామందికి కాలు తీయకుండా, పాడైన ఎముక తీసి లోపల లోహపు కీలు పెడుతున్నారు. పాకిన తర్వాత అయితే ఆ లెక్క తిరగబడుతుంది.

వాడిది బయటపడే నాటికే ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలున్నాయి. నాలుగు నెలల ఆలస్యం అది. ముందే వెళ్లి ఉంటే బతికేవాడా? చెప్పలేను. వెళ్లి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ రోజూ అనిపిస్తుంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద, అందరూ ఎంఎన్‌జే అని పిలిచే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1955 నుంచి ఉంది. మా వైపు ఊళ్లలో “రెడ్‌హిల్స్‌కు పోతున్నరు” అంటే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. గొంతు తగ్గించి వేరే మాట మొదలుపెడతారు.

ఆ గొంతు తగ్గించడమే మా ఇళ్లలోనూ జరిగింది.

ఆగని నంబర్

పెద్దనాయనతో కలిసి ఇంటికెళ్లా. మా ఊరు పెబ్బేరుకు నాలుగు కిలోమీటర్లు. పెద్దమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటుంటే గోడ దగ్గర చార్జింగ్‌లో ఒక ఫోన్ కనబడింది. స్క్రీన్ మీద పగులు చూడగానే గుర్తుపట్టా. వాడిదే.

బ్యాటరీ పాడైందట, వైరు తీస్తే ఆగిపోతుందట. అందుకే ఎప్పుడూ గోడకే ఉంటుంది. పెద్దనాయన సంతకు పోయినప్పుడల్లా చూసుకుని, గడువు దగ్గర పడితే రీచార్జ్ చేయించుకొస్తాడు. మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబర్ వేరేవాళ్లకు పోతుందని దుకాణపాయన చెప్పాడట.

“వేరేటోళ్లకు పోతే ఎట్ల బిడ్డా? ఎవరన్న ఫోన్ జేస్తే వాడు గాకుండ ఇంకెవరో ఎత్తుతరు గద” అంది పెద్దమ్మ.

ఫోన్ వస్తే ఎత్తడం ఒక్కటే ఆమెకు వచ్చు. చదవడం రాదు. “ఏమేమో మెసేజులు వస్తున్నయి, గడువు అయిపోయిందా చూడు” అని నా చేతికిచ్చింది. పాస్‌వర్డ్ లేదు. గడువు ఇంకా ఉంది. మూసేస్తుంటే పక్కన నోట్స్ యాప్ కనబడింది. తెరవొచ్చా అని పెద్దమ్మను అడిగా. “తెరువు. నాకూ చెప్పు, ఏం రాసిండో” అంది.

ఒకే ఒక్క నోట్ ఉంది. పైన ‘చూడాల్సినవి’ అని రాసుకున్నాడు.

మొదటిది లడఖ్. దాని పక్కన మా ఇద్దరి అలవాటు ప్రకారం నాకున్న ముద్దుపేరు రాసి, ‘వాడు పోతడు’ అని ఉంది.

రెండు, శ్రీరంగాపూర్. పక్కన ఏమీ లేదు. మూడు, బీచుపల్లి, పొద్దు గూకేటప్పుడు. నాలుగు, జూరాల. గేట్లు ఎత్తినప్పుడు. అమ్మకు చూపెట్టాలె. చేపలు తినాలె.

అంతే. నాలుగే. దేశం కొస దాకా పోవాలనుకున్నవాడు యాభై కిలోమీటర్లలో సర్దుకున్నాడు.

కింద తారీఖు ఉంది. 2018 నవంబర్. దాన్ని చూసి రొట్టె నోట్లోనే ఆగిపోయింది.

శ్రీరంగాపూర్ మెట్ల మీద

అన్నం తిన్నాక పెద్దనాయన బండి అడిగి తీసుకుని శ్రీరంగాపూర్ వెళ్లా. పెబ్బేరు నుంచి పది కిలోమీటర్లకు అటూ ఇటూ. దారి పొడవునా వరి, వేరుశనగ చేలు.

ఈ గుడిని మీరు ఫోన్లో చూసే ఉంటారు. 2024 సెప్టెంబర్ 16న హీరో సిద్ధార్థ్, అదితి రావ్ హైదరీ పెళ్లి ఫొటోలు పెట్టారే, అది ఇక్కడే. అదితి వాళ్ల అమ్మ తరఫువాళ్లు వనపర్తి సంస్థానం వారు. ఈ రంగనాయకస్వామి గుడి కట్టించింది ఆ సంస్థానాధీశులే. ఆ ఫొటోల తర్వాత శని, ఆదివారాల్లో రీల్స్ తీసుకునేవాళ్లు బాగా పెరిగారు.

వాళ్లను తప్పుపట్టలేం. గుడికి మూడు వైపులా నీళ్లే. రంగసముద్రం చెరువు. భీమా ఎత్తిపోతల నీళ్లు ఇందులోకే వస్తాయి కాబట్టి ఇప్పుడు చాలాకాలం నిండుగా ఉంటుంది. ఎత్తయిన గోపురం నీడ నీళ్లలో పడి గాలికి కదులుతుంటుంది. లోపల రాతి మండపం చల్లగా ఉంటుంది. స్వామి విగ్రహం ఉన్న చోటికి ఒక గద్ద దారి చూపించిందని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. నిజంగానే సాయంత్రాలు గోపురం చుట్టూ గద్దలు తిరుగుతుంటాయి.

2018 డిసెంబర్‌లో వాణ్ని నేను ఇక్కడికి తీసుకొచ్చా. మోకాలి ఆపరేషన్ అయిపోయింది. చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. తల మీద జుట్టు లేదు, కోతి టోపీ ఉంది. వారం ముందే హైదరాబాద్‌లో స్కాన్ చేశారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పెరిగాయి, ఇక మందులు పెద్దగా పని చేయవని డాక్టర్ బయట వరండాలో పెద్దనాయనకూ, నాకూ చెప్పారు. పెద్దనాయన నా చెయ్యి పట్టుకున్నాడు. “వానికి చెప్పొద్దు బిడ్డా. ఒట్టు.” నేను ఒట్టేశా.

చెరువులోకి దిగే మెట్ల మీద కూర్చున్నాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నీళ్ల వైపే చూస్తూ అడిగాడు.

“స్కాన్‌ల ఏమొచ్చిందిరా? నిజం చెప్పు.”

“ఏం లేదు. తగ్గుతోంది అన్నరు. ఎండాకాలానికి లేస్తవు. లడఖ్ పోదాం” అన్నా.

వాడు నవ్వాడు. “సరే” అన్నాడు. చేతికర్రతో నీళ్లను ఒకసారి తట్టాడు. ఇక ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

వాళ్లింటికి నేను పోకపోవడానికి కారణం ఇదే. ఆఖరి నాలుగు నెలలు ఆ ఇంట్లో అందరం అబద్ధంతోనే బతికాం. నాన్న కొడుకుకు చెప్పలేదు. పెద్దమ్మకు సగమే చెప్పారు. బంధువులు వచ్చి “రంగు తేరిండు” అనేవాళ్లు. వాణ్ని కాపాడుతున్నామనుకున్నాం. ఏమీ తెలియకుండానే పోయాడని నన్ను నేను ఓదార్చుకున్నా కూడా.

ఫోన్లో ఆ నోట్ తారీఖు మేం గుడికి వచ్చిన రోజుకు తొమ్మిది రోజులు ముందుది. స్కాన్ కూడా ఇంకా తీయలేదు. లడఖ్ నాకు రాసిచ్చేసి, అమ్మకు చూపించాల్సినవి రాసుకున్నాకే వాడు నన్ను అడిగాడు. వాడికి అంతా తెలుసు. తెలుసుకోవడానికి అడగలేదు. నాకు మాట్లాడే అవకాశం ఇవ్వడానికి అడిగాడు. నేను తీసుకోలేదు.

మళ్లీ అవే మెట్ల మీద కూర్చుంటే ఒక జంట వచ్చి “అన్నా, కొంచెం పక్కకు జరుగుతారా, ఫొటోలో పడుతున్నరు” అన్నారు. జరిగా.

వాడు నాకు చెప్పని సగం

వార్డులో ఉన్నప్పుడు వాడు యూట్యూబ్‌లో చూసి నాకొక కథ చెప్పాడు. కెనడా కుర్రాడు, టెర్రీ ఫాక్స్. ఇదే జబ్బు. 1977లో, 18 ఏళ్లప్పుడు మోకాలి పైదాకా కుడి కాలు తీసేశారు. మూడేళ్ల తర్వాత, 1980 ఏప్రిల్ 12న, కృత్రిమ కాలుతో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు మొదలుపెట్టాడు. క్యాన్సర్ పరిశోధనకు చందాలు కూడబెట్టడానికి. దాదాపు రోజుకొక మారథాన్. అంటే దగ్గర దగ్గర 42 కిలోమీటర్లు.

“మొత్తం 5,373 కిలోమీటర్లు ఉరికిండురా, 143 రోజులు. మన ఏడో నంబర్ రోడ్డు మొత్తం పోయినా ఇంకా మిగులుతది” అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. నాకు ధైర్యం వచ్చింది. వీడు ఆశతో ఉన్నాడు, మేం చెప్పకపోవడమే మంచిదైంది అనుకున్నా.

కథలో మిగతా సగం వాడు పోయాక ఫోన్లో వెతికితే తెలిసింది. టెర్రీ ఆ కొసకు చేరలేదు. సెప్టెంబర్ 1న దారిలోనే ఆగిపోవాల్సి వచ్చింది. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్ 28న, 23వ పుట్టినరోజుకు సరిగ్గా నెల ముందు చనిపోయాడు. ఆయన పేరు మీద పరుగులు ఇప్పటికీ ఏటా ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి.

వీడియో చూసినవాడికి చివర ఏమైందో తెలియకుండా ఉంటుందా? నాకు మాత్రం పరుగు దగ్గరే ఆపేశాడు. నేను వాడికి అబద్ధం చెప్పినట్టే, నేను భయపడతానని వాడూ నాకు సగమే చెప్పాడు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం కాపాడుకుంటూ, మాట్లాడుకోవాల్సిన నాలుగు నెలలను పోగొట్టుకున్నాం.

మాట్లాడుకుని ఉంటే బతికేవాడని కాదు. కనీసం జూరాల పోయేవాళ్లం.

బీచుపల్లి, పొద్దు గూకేటప్పుడు

జాబితాలో మూడోది మిగిలింది. సాయంత్రం అటు వెళ్లా. పెబ్బేరు నుంచి కర్నూలు వైపు పది పన్నెండు కిలోమీటర్లు పోతే కృష్ణ వస్తుంది. వంతెన దాటితే గద్వాల జిల్లా. ఒడ్డునే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి. వంతెన మీద లారీల మోత ఆగదు. కింద ఘాట్ దగ్గర మాత్రం నది తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. బట్టలు ఆరేసుకునేవాళ్లు, దీపాలు వదిలేవాళ్లు, రాళ్ల మీద కొంగలు.

ఇక్కడి స్వామిని వ్యాసరాయలు ప్రతిష్ఠించారని చెబుతారు. పూజ ఎవరు చేయాలన్న ప్రశ్న వస్తే, తెల్లవారి ఎవరు ముందు కనబడితే వాళ్లే అన్నారట. ఒక బోయ పిల్లాడు వచ్చాడట. వాడి పేరు బీచుపల్లి. ఆ పేరే ఊరికీ, దేవుడికీ నిలిచిపోయిందని మా అవ్వ చెప్పేది. ఇప్పటికీ మా చుట్టుపక్కల ఊళ్లలో బీచుపల్లి అనే పేరున్నవాళ్లు కనబడుతూనే ఉంటారు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు దేవుడి గురించి అనుకున్నా. ఈసారి ఆ పిల్లాడి గురించి ఆలోచించా. ఎవరి పిల్లాడో, ఎన్నేళ్లు బతికాడో తెలియదు. పేరు మాత్రం పిలుస్తూనే ఉన్నారు.

పొద్దు నీళ్లలోకి దిగింది. వంతెన స్తంభాల నీడలు పొడవయ్యాయి. వాడు ఈ వేళకే ఎందుకు రావాలనుకున్నాడో అర్థమైంది. కాసేపు నది మొత్తం రాగి చెంబులా మెరిసి, తర్వాత ఒక్కసారిగా నల్లబడుతుంది.

ఫోన్ తీసి వాడి నంబర్ నొక్కా. ఇన్నేళ్లలో మొదటిసారి. స్క్రీన్ మీద వాడి పేరు, మా చౌరస్తాలో దిగిన ఫొటో వచ్చాయి. అయిదోసారి మోగాక ఎత్తారు.

“హలో, ఎవరు?”

“నేనే పెద్దమ్మా. బీచుపల్లి కాడ ఉన్న.”

“పొద్దు గూకిందా?”

“గూకింది.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మధ్యాహ్నం చెప్పలేని మాట అప్పుడు చెప్పా. శ్రీరంగాపూర్ మెట్ల మీద వాడు అడిగింది, నేను చెప్పిన అబద్ధం, నోట్ మీదున్న తారీఖు. అన్నీ. ఆమె ఏడుస్తుందనుకున్నా.

“నాకెర్కే బిడ్డా” అంది. “ఒకనాడు రాత్రి నన్ను గూడ అడిగిండు. నేను గూడ అబద్ధమే ఆడిన. ‘అమ్మా, నీకు చెప్పనీకి రాదులే’ అని తలకాయ నా ఒళ్ల పెట్టి పండుకున్నడు.”

వచ్చే వారం జూరాల పోదామా అని అడిగా.

“ఇప్పుడే ఎందుకు? వరద రానీ. గేట్లు ఎత్తినప్పుడే గద చూడాలన్నడు” అంది.

మీరు వెళ్లాలంటే

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి కర్నూలు వైపు వెళ్లే చాలా బస్సులు పెబ్బేరు మీదుగానే పోతాయి. ఆరాంఘర్ దగ్గర కూడా ఎక్కొచ్చు. మూడున్నర గంటలు అనుకోండి. రైలు అయితే వనపర్తి రోడ్ స్టేషన్‌లోనో, గద్వాలలోనో దిగాలి. శనివారం పొద్దున సంత, మధ్యాహ్నం శ్రీరంగాపూర్, సాయంత్రం బీచుపల్లి. ఒక్కరోజుకు సరిపోతుంది. సొంత బండి ఉంటే హాయి. ఇంకో రోజు ఉంటే గద్వాల మీదుగా జూరాల. వానాకాలంలో కృష్ణకు వరద వచ్చి గేట్లు ఎత్తితే ఆ చప్పుడు దూరం నుంచే వినబడుతుంది. డ్యామ్ దగ్గర అప్పటికప్పుడు వేయించి ఇచ్చే చేపల కోసమే వచ్చేవాళ్లున్నారు.

ఇంకో రెండు మాటలు. రెండు మూడు వారాలైనా తగ్గని ఎముక నొప్పి, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, గట్టిగా తగిలే వాపు ఉంటే బామ్‌తో, కట్టుతో సరిపెట్టుకోకండి. ఎక్స్‌రే తీయించుకోండి. చాలామందికి ఏమీ ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఎక్స్‌రే బతుకుతో సమానం.

ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరిందని చెబితే, ఇంకేం చేయలేమని ఇంటికి తెచ్చి తలుపులు మూసుకోకండి. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. ‘ఆలన’ పేరుతో ఇంటికొచ్చి చూసే బృందాలున్నాయి. వాళ్లు నొప్పి తగ్గిస్తారు. ఎలా మాట్లాడాలో తెలియని ఇంట్లో మాట్లాడటం కూడా మొదలుపెడతారు. జబ్బు పడ్డవాళ్లు “నిజం చెప్పు” అని అడిగితే, అప్పటికే వాళ్లకు సగం తెలుసని గుర్తుంచుకోండి.

పెబ్బేరు మీదుగా వెళ్తుంటే చౌరస్తాలో ఒకసారి బండి ఆపండి. టీ బాగుంటుంది. ఎవడైనా పిల్లాడు దగ్గరికొచ్చి “అన్నా, ఏడికి పోతున్నరు?” అని అడిగితే తొందరపడకండి. కాస్త తీరిగ్గా చెప్పి వెళ్లండి.